ఈ పొద్దు ఎవురి వంతమ్మా?

ఆ రోజుల్లో అయిదు సెకన్లంటే నా లెక్కలో చాలా పెద్ద సమయం. ఇరవై రెండేళ్ల వయసు, చేతిలో కుప్పంలో చదివిన డిగ్రీ కాగితం, నెత్తి మీద బోలెడంత గర్వం. కంప్యూటర్ తెర మీద ఒక మాట రాసి పెడితే చాలు, లోకమంతా దాన్ని బుద్ధిగా చదివి, అర్థం చేసుకుని, నేను చెప్పిన చోటికి నోరు మూసుకుని వెళ్తుందని గట్టి నమ్మకం. (మా అమ్మ ఫ్రిజ్ మీద అతికించిన ‘తలుపు సరిగ్గా వెయ్యి తల్లీ’ అన్న కాగితాన్ని మూడేళ్లుగా నేనే ఒక్కనాడూ చదివిన పాపాన పోలేదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదు.) ఆ నమ్మకం ఎంత బోలుదో తెలియడానికి నాకు ఇద్దరు అన్నదమ్ములు, ఒక మేనమామ, కొన్ని లక్షల టమోటా మొలకలు కావలసి వచ్చాయి.

మదనపల్లెలో ఎరువుల అంగడి పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్తే రెండు గదుల ఆఫీసు ఉండేది. చుట్టుపక్కల ఊళ్లలోని అంగళ్లకీ, కల్యాణ మండపాలకీ, ట్యూషన్లకీ మా సారు వెబ్‌సైట్లు కట్టించి ఇచ్చేవారు. కింది నుంచి వచ్చే యూరియా వాసనకి మొదటి వారం తలనొప్పి, రెండో వారం అలవాటు. మూడు నెలలు పనితనం చూసి ఉంచుకోవాలో పంపేయాలో చెప్తానన్నారు సారు. నాకిచ్చిన పని చాలా చిన్నది. ఎవరైనా పాత వెబ్‌సైట్ వదిలి కొత్త దానికి మారితే, పాత చిరునామాకి వచ్చినవాళ్లకి ఒక మాట చూపించి, అయిదు సెకన్ల తర్వాత కొత్త పేజీకి పంపించాలి. సారు అది నాకు ఇలా బోధించారు: “అంగడి మారిస్తే పాత షట్టర్ మీద సుద్దముక్కతో రాస్తారు సూడు, ‘బస్టాండు కాడికి మార్చినాము’ అని? అదేమ్మా ఇది. కాకుంటే ఈడ షట్టరే మనిషిని చెయ్యి పట్టుకోని కొత్త అంగడికాడికి తోడ్కపోతాది.” ఎంత చక్కగా చెప్పారో అనుకున్నాను. చెయ్యి పట్టుకున్నాక ఏ వైపు తోడ్కపోవాలన్నదే అసలు తంటా అని ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒకరోజు పొద్దున ముగ్గురు మగవాళ్లు మెట్లెక్కి వచ్చారు. ముందు నడిచిన పెద్ద మనిషి చేతికర్ర ఊపుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన వెనకాల వచ్చిన ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒకడు ఫ్యాన్ వైపు, ఒకడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. పెద్దమనిషి సదుం నుంచి వచ్చిన మేనమామ. ఆ ఇద్దరూ ఆయన మేనల్లుళ్లు, సొంత అన్నదమ్ములు. అన్నగారిది పుంగనూరు, తమ్ముడు ఉండేది అత్తగారి ఊరు కుప్పంలో. (పేర్లు చెప్పను. ఇప్పటికీ దారిలో కనబడితే కాఫీ ఇప్పించే మనుషులు. పుంగనూరాయన, కుప్పమాయన, సదుం మామ అనుకుందాం.) వాళ్లకి టమోటా నారు అమ్మే నర్సరీ ఉంది. ఆ నర్సరీ మొదలుపెట్టింది వాళ్ల అమ్మ. ఆమె పోయి ఏడాది దాటింది. పొలం పంచుకున్నారు, నారు ట్రేలు పంచుకున్నారు, నీడకి కట్టే పచ్చ నెట్టు కూడా కొలిచి పంచుకున్నారు. పుంగనూరులో ఒకరు, కుప్పంలో ఒకరు, ఎవరి నర్సరీ వాళ్లు పెట్టుకున్నారు, ఎవరి కొత్త వెబ్ పేజీ వాళ్లు చేయించుకున్నారు. తెగనిది ఒక్కటే మిగిలింది. అమ్మ పేరు మీద ఉన్న పాత వెబ్‌సైట్.

“రైతులంతా ఆ పేరే కొడతారు సారూ. బి.కొత్తకోట కాణ్నించి ఆ పక్కోళ్లంతా ఫోన్లో మాయమ్మ పేరు కొట్టి నారుకు ఆర్డరు సెప్పుకుంటారు,” అన్నాడు పుంగనూరాయన ఫ్యాన్‌తో.

“అది మాయమ్మ పేరు. ఆయనొగనికే అమ్మ కాదు,” అన్నాడు కుప్పమాయన కిటికీతో.

ఇంతేనా, దీనికింత రాద్ధాంతమా అని నేను ముందుకొచ్చాను. పాత చిరునామాలో ఇద్దరి పేర్లూ రాసి, ఎవరికి కావలసింది వాళ్లు నొక్కేట్టు పెడదాం అన్నాను. ముగ్గురూ నా వైపు చూశారు. అప్పుడు సదుం మామ మెల్లగా అడిగాడు: “పైన ఎవురి పేరు రాస్తావు పాపా?” పెద్దవాళ్లు కాబట్టి అన్నగారి పేరు అన్నాను. కుప్పమాయన చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాడు. సరే, పక్కపక్కన రాద్దాం అన్నాను. “కుడిపక్క ఎవురు?” అన్నాడు మామ. సారు మెడ గీక్కుంటూ, నారు ఇరవై అయిదు రోజులు దాటితే ముదరడం మొదలవుతుందనీ, ముదిరితే రైతు తాకనైనా తాకడనీ, ఇలా తగువుతో వారాలు గడిపితే ఇద్దరికీ నష్టమేననీ ఏదో సర్దిచెప్పబోయారు. సదుం మామ కర్ర నేలకి తాటించి తీర్పు చెప్పేశాడు.

“బావి ఎట్ల పంచుకుంటిరి? బావిని కోసుకుంటిరా? ఒగ దినం పెద్దోనికి, ఒగ దినం సిన్నోనికి. నీళ్లు ఎవురి వంతుకు వాళ్లు పార్చుకుంటాండారు గదా. ఇది గూడా బావే. ఒగ దినం వచ్చినోల్లంతా పుంగనూరికి, ఒగ దినం వచ్చినోల్లంతా కుప్పానికి. ఎవురి వంతో ముందర రాసి సూపియ్యి పాపా. అంతే.”

మా చుట్టుపక్కల ఊళ్లలో బావి వంతు తెలియని వాళ్లుండరు. ఎన్ని తరాలు పంచుకున్నా బావి మాత్రం ఉమ్మడే, వంతుల లెక్కన నీళ్లు. ఆ లెక్కను వెబ్‌సైట్‌కి తగిలించిన మొదటి మనిషి మాత్రం ప్రపంచంలో సదుం మామే అయ్యుంటాడు. అన్నదమ్ములు ఇద్దరూ ఫ్యాన్‌కీ కిటికీకీ తలలూపారు. సారు నా వైపు చూసి, “అయితాది గదా?” అన్నారు. కాదని చెప్పే ధైర్యం మూడు నెలల గడువులో ఉన్న పిల్లకి ఎక్కడిది? అయితాది సార్ అన్నాను.

కోడు రాయడం నాకు నిమిషాల పని. తేదీ బేసి సంఖ్య అయితే పుంగనూరు, సరి సంఖ్య అయితే కుప్పం. ఎంత తెలివిగా రాశానో అని నా భుజం నేనే తట్టుకున్నాను. (ఆ భుజం సంగతి నెలాఖరుకి చెప్తాను.) పైన మెసేజ్ కూడా నేనే రాశాను: ‘ఈ రోజు పుంగనూరు అన్నగారి వంతు. అయిదు సెకన్లలో మిమ్మల్ని వారి పేజీకి తీసుకువెళ్తున్నాము.’ మరుసటి వారం సదుం మామని కూర్చోబెట్టి చూపించాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు, జేబులోంచి అద్దాల పెట్టె తీశాడు, పెట్టె తెరిచాడు, పంచె అంచుతో అద్దాలు తుడిచాడు, పెట్టుకున్నాడు, ఫోన్ వైపు చూశాడు. అప్పటికి పుంగనూరు పేజీలో టమోటాలు నవ్వుతున్నాయి.

“యాడ పాపా నువ్వు రాసింది?”

“అయిపోయింది తాతా. అయిదు సెకన్లే ఉంటుంది.”

“నేను అద్దాలు తీసేలోపల పాయెనా? మళ్లా పెట్టు.”

మళ్లీ పెట్టాను. ఈసారి అద్దాలు ముందే ఉన్నాయి. “ఈ... రో... జు... పుం...” అని వేలు పెట్టి చదువుతుండగా పేజీ మారిపోయింది. “పుం అనేలోపల పారిపాయెనే! దొంగ ముండాకొడుకు మాదిరి యాల పరిగెత్తాది ఇది?” అని ఆయనకి నిజంగానే కోపం వచ్చింది. పది సెకన్లు చేశాను. ఇరవై చేశాను. ముప్పై చేశాను. చివరికి ఆయన నింపాదిగా చదివి, మధ్యలో ఒకసారి దగ్గి, ‘తీసుకువెళ్తున్నాము’ దాకా వచ్చేసరికి నలభై అయిదు సెకన్లు పట్టింది. అలా ఖాయమైంది. మా సారు తల పట్టుకుని, “నలభై అయిదు సెకన్లు ఎవురైనా నిలబడ్తారామ్మా?” అన్నారు. నిలబడ్డారు సార్, ఆ తర్వాత ఏం జరిగిందో చూస్తే నలభై అయిదు చాలలేదంటే నమ్మరు.

వెబ్‌సైట్ మొదలైన రెండోరోజే పుంగనూరాయన ఫోన్. “ఏమ్మా, నా వంతు ముగిసిందేమో అని తెల్లారకముందే లేచి సూసినా. నా పేజీనే ఉండాది. అయిదున్నర దాకా నా పేజీనే ఉండాది. అప్పుడు మారి కుప్పం వచ్చింది.” అప్పుడు తట్టింది నాకు. మా సర్వర్ ఉండేది ఎక్కడో సముద్రాల అవతల, దాని గడియారం వేరు. మనకి అర్ధరాత్రి దాటినా దానికింకా సాయంత్రమే. దానికి తారీకు మారేది మనకి తెల్లవారి అయిదున్నరకి. నేను గడియారం సరిచేయడం మర్చిపోయాను. క్షమించమని అడగబోయేలోపలే ఆయన, “భలే పెట్టినావమ్మా! వంతు తెల్లారినాక గదా మారేది. అర్ధరేత్రి మారితే అది వంతు ఎట్లైతాది? నీకు బావుల సంగతి కూడా తెలుసే!” అన్నాడు. తెలుసండీ అన్నాను. (సిగ్గుపడ్డాను గానీ ఒప్పుకోలేదు. సారు ముందు కూడా ఆ గొప్ప నాదేనని చెప్పుకున్నాను. ఇన్నేళ్లకి ఇక్కడ నిజం రాస్తున్నాను.)

ఇక రైతుల గందరగోళం మొదలైంది. పేజీ అడుగున మా ఆఫీసు నంబరు ఉండేది కాబట్టి ఎవరికి ఏ అనుమానం వచ్చినా నాకే ఫోన్. బి.కొత్తకోట వైపు రైతు ఒకాయన మొదటివాడు. “అమ్మా, నిన్న నొక్కితే కుప్పం పాయె, ఈ పొద్దు నొక్కితే పుంగనూరు వచ్చె. నర్సరీకేమన్నా కాళ్లు వచ్చినాయా?” అన్నాడు. వంతు సంగతి వివరించాను. “మరి నిన్న నారు సెప్తి, ఈ పొద్దు అడిగితే ఎవురో పుంగనూరోడు ‘నిన్నటి మాట నిన్నటోన్ని అడుగు పో’ అంటాండాడు. నిన్నటోడు యాడుండాడు?” నిన్నటోడు కుప్పంలో ఉన్నాడని చెప్పాను. “మరి రేపటోడు?” రేపటోడు కూడా కుప్పంలోనే ఉన్నాడు. “అట్లయితే ఈ పొద్దుటోడు ఏమిటికి?” అని అడిగి ఆయన ఫోన్ పెట్టేశాడు. ఇలా పొద్దున ఆఫీసు తాళం తీసేసరికి ఫోన్ మోగుతూ ఉండేది. హలో కూడా ఉండదు. “ఈ పొద్దు ఎవురి వంతమ్మా?” అంతే. ఇంట్లో వారం, తిథి అడిగితే చెప్పలేను గానీ వంతు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

అంత ధీమాగా ఉండగా నెలాఖరు వచ్చింది. ఒకటో తారీకు పొద్దున పదిగంటలకి కుప్పమాయన బస్సు దిగి, గోడ క్యాలెండర్ ఒకటి చుట్టి చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. నా టేబుల్ మీద క్యాలెండర్ పరిచి, ఎర్ర పెన్నుతో చుట్టిన రెండు తారీకులు చూపించాడు. “నిన్న ముప్పై ఒకటి. బేసి. మాయన్న వంతు. ఈ పొద్దు ఒకటి. ఇదీ బేసి. మళ్లా మాయన్న వంతేనా?” నా భుజం తట్టుకున్న చెయ్యి అప్పుడే విరిగిపోతే బాగుండు అనిపించింది. ఆయన పేజీలు తిప్పాడు. “ముప్పై ఒకట్లు ఉండే నెలలు ఏడాదికి ఏడు. ఏడుసార్లు నన్ను ఎండబెడ్తావా? మాయన్న సెప్తే సేసినావా అమ్మా? నిజం సెప్పు.” లేదండీ, ఆయనకి ఏమీ తెలియదు, నా బుర్రే పనిచేయలేదు అని మొత్తుకున్నాను. పక్కగదిలోంచి సారు వచ్చి క్యాలెండర్ చూసి, నన్ను చూసి, మళ్లీ క్యాలెండర్ చూశారు. “బిరీన సరిసెయ్యి,” అన్నారు పళ్ల మధ్య నుంచి.

బిరీనే చేశాను. తారీకు వదిలేసి, మొదలుపెట్టిన రోజు నుంచి రోజులు లెక్కపెట్టేట్టు మార్చాను. లెక్క ప్రకారం ఆ రోజు కుప్పం వంతు, కాబట్టి అప్పటికప్పుడే కుప్పం పేజీ వచ్చేసింది. కుప్పమాయన ఫోన్‌లో చూసుకుని, క్యాలెండర్ చుట్టుకుని, “బాగుంటావమ్మా,” అని దీవించి వెళ్లిపోయాడు. ఆయన కింది మెట్టు దిగాడో లేదో పుంగనూరు నుంచి ఫోన్. “పదకొండు గంటలకి ఎవురమ్మా వంతు మార్సేది? పారే నీళ్లకు అడ్డం కట్టకూడదు, తెలుసా? మడి సగం తడిసింది, సగం ఎండిపాయె, అట్లా సేసినావు నువ్వు! వాడు సెప్తే సేసినావా? నిజం సెప్పు.” ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, నాది ముందూ వెనకా రెండూ ఒకే బావి.

ఆనాటి నుంచి అన్నదమ్ములిద్దరూ మామ చేత ఒకరికొకరు కబురు పంపుకోవడం కూడా మానేశారు. పోట్లాటంతా నా మెసేజ్ లోకి వచ్చి చేరింది. ఎవరి వంతు రోజున వాళ్లు మెసేజ్ మార్చుకోవచ్చని సారు నోరు జారి ఒక మాట అనేశారు. పుంగనూరాయన, ‘అసలైన నర్సరీకి స్వాగతం’ అని రాయమన్నాడు. మర్నాడు కుప్పమాయన, ‘నిజంగా అసలైన నర్సరీకి స్వాగతం’ అన్నాడు. ఆ మర్నాడు పుంగనూరు నుంచి, ‘అమ్మ పక్కన నిలబడి మొదటి నారు పోసినది పెద్దకొడుకు’. దానికి కుప్పం జవాబు, ‘అమ్మ మంచాన పడినప్పుడు పక్కనున్నది చిన్నకొడుకు’. నేను వద్దండీ అంటే, “నా వంతు నీళ్లు, నేను ఏమన్నా పార్చుకుంటా,” అనేవాళ్లు ఇద్దరూ. ఇక రైతులు? నలభై అయిదు సెకన్లూ చదువుకుని పేజీ దాటకుండానే వెనక్కి పోయేవాళ్లు. బి.కొత్తకోట రైతు రోజూ ఫోన్ చేసి, “ఈ పొద్దు ఏమి రాసినారమ్మా, నా ఫోన్లో నెట్టు రాలేదు,” అనేవాడు. నారు కావాలా అని అడిగితే, “నారు ఇంకో కాడ తీసుకున్న్యాలే. వీళ్లు కొట్లాడుకుంటాంటే యాడ నారు ఇస్తారో, యాడ మానేస్తారో,” అన్నాడు. ఆ మాటకి నాకు నవ్వు రాలేదు. వాళ్లమ్మ పేరు చూసి వచ్చే మనుషులని మేం ముగ్గురం కలిసి వాకిట్లోంచే తరిమేస్తున్నామని అప్పుడే అర్థమైంది. సారు కూడా అదే గ్రహించి, “ఈ వారంలో దీన్ని ఒక కొలిక్కి తీసుకురాకుంటే నీ మూడు నెలలు ఆడికి సరి,” అన్నారు.

సరిగ్గా ఆ వారంలోనే ఒకనాడు మధ్యాహ్నం కుప్పమాయన ఫోన్ చేశాడు. ఎప్పుడూ అరిచే గొంతు, ఆ రోజు కిందికి దిగి ఉంది.

“అమ్మా, రేపు నా వంతేనా?”

“కాదండీ. రేపు మీ అన్నగారిది. ఎల్లుండి మీది.”

“సరేలేమ్మా.”

గంట తర్వాత మళ్లీ చేశాడు. “రేపు నా వంతు కాదు గదా?” కాదండీ అన్నాను. “సరేలేమ్మా.” సాయంత్రం మూడోసారి. ఈసారి ఊరుకోలేక, ఏమైందన్నా అని అడిగాను. ఏమీ లేదు అన్నాడు, ఆ తర్వాత అంతా చెప్పాడు. వానలు పడతాయని ఆ చుట్టుపక్కల రైతులు నారు చెప్పి పెట్టుకున్నారు. వాన ముఖం చాటేసింది, వాళ్లు రావడం లేదు. నెట్టు కింద ట్రేల నిండా నారు, ఇరవై ఆరు దినాలు దాటింది. ఇంకో నాలుగు రోజులు దాటితే కాడ ముదిరి, పీకి గుంతలో పోయాల్సిందే. “ఈ పంటకాలం మొత్తానికని పోసినా అమ్మా. ఇది పోతే మళ్లా నారు పోసే సత్తువ లేదు నాకు.” వంతు మార్చమని ఒక్క మాట కూడా అడగలేదు. అడగకుండా ఫోన్ పెట్టేశాడు.

నేను చాలాసేపు కీబోర్డు ముందు కూర్చున్నాను. కోడు నా చేతిలోనే ఉంది. ఒక అంకె మారిస్తే రేపటి వంతు కుప్పానిదవుతుంది, పుంగనూరాయన అడిగితే గడియారం మీదికి నెట్టేయొచ్చు. (అప్పటికే గడియారం మీద ఒక గొప్ప కొట్టేశాను కదా, ఒక తప్పు నెట్టడం ఎంతసేపు?) కానీ పక్కవాడి వంతు నీళ్లు దొంగతనంగా మళ్లించడం ఎంత పెద్ద తప్పో మా ఊళ్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. చెయ్యి రాలేదు. రేపటి మెసేజ్ ఏమి రాయాలో అడుగుతున్నట్టు పుంగనూరాయనకి ఫోన్ చేశాను. ఆయన అప్పటికే ఒకటి తయారుచేసి పెట్టుకున్నాడు, తమ్ముణ్ణి ఎత్తిపొడిచేది. చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఆపి, తప్పో ఒప్పో తెలియకుండానే అంతా చెప్పేశాను.

పుంగనూరాయన ఎత్తిపొడుపు అక్కడే ఆగిపోయింది.

“ఎన్ని దినాల నారు అన్న్యాడు?”

“ఇరవై ఆరు దాటిందంట.”

“ఓయమ్మా...” అన్నాడు. “మాయమ్మ ఉండింటే నన్ను పొరకతో కొట్టేది. నాతో యాల సెప్పలేదు వాడు?” అన్నాడు. ఆ మాట నన్ను అడిగినట్టు లేదు. ఆ వెంటనే, “రాసుకోమ్మా,” అన్నాడు. రాసుకున్నాను. ఒక్క అక్షరం మార్చలేదు:

‘ఈ పొద్దు నా వంతు. నా వంతు నీళ్లు నా తమ్మునికి ఇడ్సినాను. వాని కాడ మంచి నారు ముదురుతాండాది. ఈడికి రావద్దండప్పా, ఆడికే పోండి. నేను గూడా ఆడికే పోతాండాను.’

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ ఉద్యోగం ఉద్యోగమే కదా, అలవాటు కొద్దీ అడిగాను: “ఎన్ని సెకన్లు ఉంచమంటారండీ?”

“వాడు సదివేదాకా ఉండనీ,” అన్నాడు.

అది ఎన్ని సెకన్లో నాకు తెలియలేదు. ఏ పుస్తకంలోనూ లేదు. సారు వెళ్లిపోయారు, అడగడానికి ఎవరూ లేరు. ఆలోచించి ఆలోచించి, పేజీ దానంతటది కదిలే భాగాన్నే తీసేశాను. అడుగున ఒక లింకు పెట్టాను, చదివినవాళ్లు తామే నొక్కి కుప్పం పోవచ్చు. నా చేత్తో చేసిన వాటిలో మనిషిని తొందరపెట్టని మొదటి పేజీ అది.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకి కుప్పం నుంచి ఫోన్. “అమ్మా, ఈ పేజీ కదలడంల్యా. సెడిపోయినట్టుండాది, సూడు,” అన్నాడు కుప్పమాయన. చెడిపోలేదండీ, మీరు చదివేదాకా ఉంచమని మీ అన్నగారే చెప్పారు అన్నాను. అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “సదివినా అమ్మా. సదివినా. నాలుగుమాట్లు సదివినా. మాయన్న తెల్లార్తానే బండి వేసుకోని వచ్చేసినాడు, ఈన్నే ఉండాడు. నా మీద అరుస్తా ట్రేలు మోస్తాండాడు.” వెనకాల నుంచి పుంగనూరాయన కేకలు నాకు వినబడుతూనే ఉన్నాయి: “ఫోన్ పెట్టేసి ఇట్లా పట్టురా, ఎండ ఎక్కతాండాది!” ఆ రోజు బి.కొత్తకోట రైతు కూడా ఫోన్ చేశాడు. ఏమి రాశారని మాత్రం అడగలేదు. కుప్పం నుంచి బండి ఎప్పుడొస్తుందో కనుక్కోమన్నాడు. తన దగ్గర చోటు లేకపోయినా పక్క పొలం వాళ్లకని కొన్ని ట్రేలు చెప్పాడట. నాలుగు రోజుల్లో నారంతా అమ్ముడుపోయింది. అన్నదమ్ములు వస్తారని కుర్చీలు తుడిచి ఉంచాను గానీ ఇద్దరూ రాలేదు. సదుం మామ మాత్రం ఒకసారి వచ్చి, అద్దాలు పెట్టుకుని ఆ మెసేజ్ మొత్తం నింపాదిగా చదువుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. సారు నా మూడు నెలల సంగతి మళ్లీ ఎత్తలేదు. తర్వాత ఆ మెసేజ్ తీసేసి, ఇద్దరూ కలిసి చెప్పినట్టు పాత చిరునామాలోనే ఒకే పేజీలో రెండు నంబర్లు పెట్టాను. పైన ఎవరి పేరు అని నేనే భయంభయంగా అడిగితే, “రోజుకొకరిది పెట్టమ్మా, బావి మాదిరి,” అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. అయిదున్నరకి మారేట్టే ఉంచాను.

ఇప్పుడు నేను పెద్ద ఆఫీసులో పనిచేస్తున్నాను. మా పేజీలు రెప్ప వేసేలోపల మారిపోతాయి. మధ్యలో మాట చూపించడం అంటే నా కింద పనిచేసే పిల్లలు నవ్వుతారు, “ఎవరు చదువుతారు మేడమ్?” అంటారు. నిజమే, నేను కూడా చదవను, ఎదురుగా ఏ మాట కనబడినా దాటేసి పోతాను. మొన్న ఏదో గుర్తొచ్చి వాళ్లమ్మ పేరు కొట్టి చూశాను. పేజీ ఇంకా ఉంది. రెండు నంబర్లూ ఉన్నాయి, పైన పుంగనూరాయనది. వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాను, నా లెక్క ప్రకారం ఆ రోజు కుప్పం వంతు. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ కుప్పమే వచ్చింది. సరే అని పైనున్న నంబరుకే ఫోన్ చేశాను. ఎత్తింది కుప్పమాయన.

“మాయన్న నీళ్లు కట్టను పోయినాడమ్మా, ఫోన్ నా కాడ ఇచ్చి. ఎవురు మాట్లాడేది?”

చెప్పాను. పెద్దగా నవ్వాడు. “ఓయమ్మ, కంప్యూటరమ్మా నువ్వా! బాగుండావా? సరే గానీ, నువ్వు సెప్పు, ఈ పొద్దు ఎవురి వంతు?”

ఒకప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మాట అది. తెలియదన్నా, మర్చిపోయాను అన్నాను.

“మాగ్గూడా తెల్దులేమ్మా,” అన్నాడు.